గుప్పెడు తవుడు

అనగనగా అని మొదలుపెడతాను గానీ, ఎన్ని తరాల కిందటి మాటో నాకూ తెలియదు. సముద్రం ఇప్పటికంటే కాస్త అవతలగా ఉండేదట. ఆ ఒడ్డున చవిటిపాలెం అని ఒక పాలెం. అక్కడ వరి పండదు, చెరుకు పండదు, ఉప్పు పండుతుంది. మీరు ఊ కొడుతుంటే నేను చెబుతుంటాను. ఊ ఆగిందంటే మీకు నిద్రొచ్చిందని నేనూ లేచిపోతాను.

ఉప్పు మడుల్లో పని అంటే సామాన్యం కాదు. పొద్దు పొడవకముందే దిగాలి, పొద్దు వాలాక ఎక్కాలి. ఉప్పు గీకాలి, గంపకెత్తాలి, గుట్ట పొయ్యాలి. చంటిపిల్లని ఆ గట్టు మీద పడుకోబెడితే ఎండకి ఎండి పోతుంది. అందుకని ఆడవాళ్లంతా పిల్లల్ని దాలమ్మ ఇంట్లో దింపి మడికి వెళ్లేవాళ్లు.

దాలమ్మకి పొడుగాటి వసారా ఉంది, ఒక ఆవు ఉంది, ఊరందరినీ అదిలించే నోరు ఉంది. నిప్పు నోట్లోకి పెట్టి అడ్డచుట్ట కాలుస్తూ పీట మీద కూర్చునేది. కూర్చున్న చోటనుంచే పిల్లలందరినీ పెంచేది. అదెలా అంటారా? ఆమెకొక సాయం మనిషి ఉండేది. ఆ సాయం మనిషి పేరు అసిరి.

అసిరికి వెనకా ముందూ ఎవరూ లేరు. ఏదో గాలివానలో కొట్టుకొచ్చినట్టు ఆ ఊరొచ్చింది. దాలమ్మ ఇంట్లో కూడు తిని, దాలమ్మ వసారాలో పడుకునేది. చీర ఉయ్యాలలు కట్టేది, ఊపేది, విప్పేది. తడిపిన గుడ్డలు ఉతికేది, ఆరేసేది, మడత పెట్టేది. ఒకణ్ణి చంకనేసుకుని, ఇంకొకణ్ణి వీపున కట్టుకుని, మూడోవాడికి గంజి పట్టేది. పిల్లలు ఒళ్లు చేస్తే ఊళ్లోవాళ్లు ‘దాలమ్మ చెయ్యి మంచిది’ అనేవాళ్లు. పిల్లడికి దద్దురు లేస్తే ‘అసిరి సరిగ్గా చూసుండదు’ అనేవాళ్లు. లోకం తీరు అంతే కదా.

అసిరికి ఒక అలవాటు ఉంది. పొద్దస్తమానం ఎత్తుకు తిరిగే మనిషిని ఏ పిల్లయినా ఏదో ఒకరోజు అమ్మా అని పిలుస్తుంది. పిలిస్తే అసిరి పలికేది కాదు. వసారా చివరికి ఎత్తుకుపోయి, దూరంగా తెల్లగా కనబడే ఉప్పు మడుల వైపు చెయ్యి చాపేది.

“నాను కాదు. మీ యమ్మ అదిగో.”

ఏ పిల్ల పిలిచినా అదే మాట. ఎన్నిసార్లు పిలిచినా అదే మాట.

దాలమ్మకి ఇది చాదస్తంగా కనబడేది. “పిలిస్తే పలికితే నీ నోరేటి అరిగిపోద్దా?” అనేది.

“పొద్దున్న అప్పజెప్పింది పొద్దోయేక మల్లీ అప్పజెప్పాల గదప్పా. మద్దెలో నాదే అనుకుంటే, అప్పజెప్పడం కష్టమైపోద్ది” అనేది అసిరి.

అలా రోజులు పోతుండగా పైడమ్మ కథ వచ్చింది.

పైడమ్మ ఆ పాలెంలో ఉప్పు గీకే మనిషే. మొదట కొడుకు పుట్టాడు, పళ్లు రాకముందే పోయాడు. తరవాత కూతురు పుట్టింది, నడక రాకముందే పోయింది. మూడోసారి మళ్లీ కొడుకు పుట్టాడు. వాడు కెవ్వుమని ఏడిస్తే ఇంట్లో ఎవరూ నవ్వలేదు. భయంతో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ వైపు ఒక ఆచారం ఉంది. బిడ్డలు దక్కని తల్లి, కొత్తగా పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తుంది, నాకొద్దన్నట్టు. ఇంకొక ఆడది వచ్చి ఆ చేట ఎత్తుకుంటుంది, తనకి దొరికిందన్నట్టు. అప్పుడు తల్లి ఎదురెళ్లి ఆ బిడ్డని అమ్ముతావా అని అడుగుతుంది. ఏమిస్తావు అంటుంది ఎత్తుకున్నామె. గుప్పెడు తవుడు అంటుంది తల్లి. బేరం కుదురుతుంది, తవుడు చేతులు మారుతుంది, బిడ్డ చేతులు మారుతుంది. ఇదంతా జముడి కోసం ఆడే ఆట. గుప్పెడు తవుడు చేసే బిడ్డ మనకెందుకులే అని జముడు పెదవి విరిచి పోతాడట. అలా బతికిన పిల్లలకే తవుడు అనీ, తవిటమ్మ అనీ, పెంటయ్య అనీ పేర్లు పెడతారు. ఆ పేర్లు విని నవ్వకండి. ఒక్కో పేరు వెనక ఎన్ని ఉయ్యాలలు ఖాళీ అయ్యాయో మనకి తెలియదు.

చేట పెంటకుప్ప మీద పెట్టారు. ఎత్తుకోడానికి ఎవరూ రాలేదు. పిల్లలున్న ఆడవాళ్లు ఆ కీడు తమకి అంటుతుందని గుమ్మం దాటలేదు. చివరికి దాలమ్మే, “ఒలే అసిరీ, నీకు పిల్లా పీచూ నేదు గదా, నువ్వెల్లి ఎత్తు” అంది. అసిరి వెళ్లి ఎత్తింది.

“ఈ గుంటడ్ని కొంటావేటమ్మా?” అని, పైడమ్మ అడగకపోయేసరికి, తనే అడిగింది.

పైడమ్మ పిడికిట్లో తవుడు ఉంది. ఎదురుగా బిడ్డ ఉన్నాడు. చెయ్యి చాపింది గానీ పిడికిలి విప్పలేకపోయింది. కొంటే తనవాడైపోతాడు. తనవాళ్లెవరూ మిగల్లేదు.

“ఇప్పుడు కాదు. ఆడికి పళ్లు రానీ, అప్పుడు కొంటాను” అంది. గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

ఆచారంలో ఇలాంటిది లేదు. చేట ఎత్తడం ఉంది, కొనడం ఉంది, మధ్యలో వదిలేసి పోవడం లేదు. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. అసిరి బిడ్డని దాలమ్మ వసారాకి తెచ్చి తన పక్కన పడుకోబెట్టుకుంది.

పాలు మాత్రం పైడమ్మే ఇచ్చేది. ఎలా ఇచ్చేదో వినండి. వచ్చి, ఒళ్లో వేసుకుని, మొహం అటు తిప్పుకునేది. ఊరికి వినబడేలా, “ఎవరి గుంటడో పాపం, ఆకలికి ఏడుస్తన్నాడు, నాలుగు చుక్కలు పోస్తన్నాను” అనేది. అవి ఎవరికి చెప్పే మాటలో అందరికీ తెలుసు. బిడ్డ మొహం చూడకుండా పాలిచ్చి, చూడకుండానే అసిరికి అందించి పోయేది.

బిడ్డకి పళ్లొచ్చాయి. అసిరి వాణ్ణి చంకనేసుకుని పైడమ్మ గుమ్మంలో నిలబడింది.

“పళ్లొచ్చినాయి. కొనుక్కో.”

“నడవనీ, అప్పుడు కొంటాను” అంది పైడమ్మ లోపలినుంచి.

వాడు నడిచాడు. అసిరి వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ మళ్లీ ఆ గుమ్మానికి వెళ్లింది.

“నడుస్తన్నాడు. కొనుక్కో.”

“మాటలు రానీ, అప్పుడు కొంటాను” అంది పైడమ్మ.

ఈసారి అసిరి తొందరగా వెనక్కి తిరిగింది. ఎందుకో చెప్పనా? కొంటానంటుందేమోనని దారి పొడుగునా ఆమెకి గుండె దడగా ఉంది. వద్దనగానే ఆ దడ తగ్గింది. తగ్గినందుకు సిగ్గేసింది. పాపం, ఆమె మాత్రం మనిషి కాదా? పెంటకుప్ప మీంచి ఎత్తిన దగ్గరనుంచీ వాడి చెమటా, వాడి జ్వరమూ, వాడి నవ్వూ అన్నీ ఆమె ఒంటి మీదే కదా ఆరాయి.

వాడికి మాట వచ్చింది. వసారాలో ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి లేచి వచ్చి, అసిరి మోకాళ్లు పట్టుకుని, “అమ్మా” అన్నాడు.

అసిరి ఎప్పటిలాగే వాణ్ణి ఎత్తుకుని వసారా చివరికి నడిచింది. ఎప్పటిలాగే మడుల వైపు చెయ్యి చాపబోయింది. ఆ చెయ్యి సగంలో ఆగిపోయింది. ఎవర్ని చూపించాలి? పైడమ్మని చూపిస్తే జముడు చూస్తాడు. చూపించకపోతే వీడికి అమ్మ ఎక్కడుంది? అసిరి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“అమ్మా” అన్నాడు వాడు మళ్లీ.

అసిరి చెయ్యి దించేసింది. “ఊ” అంది.

అన్నాక తల తిప్పి చూస్తే మడుల వైపు కంచె అవతల పైడమ్మ నిలబడి ఉంది, నెత్తి మీద ఉప్పు గంపతో. గంపలోంచి నీళ్లు కారి మొహం మీదుగా పోతున్నాయి. ఏది ఉప్పునీరో ఏది కన్నీరో తెలియడం లేదు. గంపతోనే మడి వైపు వెళ్లిపోయింది.

దాలమ్మ ఇదంతా చూసింది. చుట్ట నోట్లోంచి తీసి, “సూడే అసిరీ, నీకు దేవుడే ఇచ్చినాడు. అది కొననంతంది, నువ్వు పెంచుకో. తప్పేటుంది? ముసిలితనంలో నీకో దిక్కుంటాది” అంది.

తప్పులేదు. ఊళ్లో ఎవరినడిగినా తప్పులేదనే అనేవాళ్లు. ఆ మాటే అసిరిని తినేసింది. మర్నాడంతా ఉయ్యాలలు ఊపుతూ ఆలోచించింది, గుడ్డలు ఉతుకుతూ ఆలోచించింది, గంజి పడుతూ ఆలోచించింది. పొద్దు వాలుతుండగా వాణ్ణి చంకనేసుకుని, ఎప్పుడూ దాటని కంచె దాటి, మడుల్లోకి దిగింది. ఉప్పు పెళ్లలు అరికాళ్లు కోస్తున్నా ఆగకుండా పైడమ్మ ఉన్న మడి దాకా నడిచింది.

“మాటలొచ్చినాయి. కొనుక్కో.”

పైడమ్మ గీకుడు చెక్క కింద పెట్టలేదు. “ఇంక కొనను. ఆడు నిన్నే అమ్మంతన్నాడు, ఇన్నాను. నీ దగ్గరుంటే బతుకుతాడు. నాదన్నది ఏదీ నాకు దక్కదు. నువ్వే ఉంచుకో.”

“ఆడు నేక ఎంత ఏడుస్తన్నావో నాకు తెల్దేటి?”

“ఏడిస్తే ఏటి? బతికున్నాడు గదా. కంటికి కనబడతన్నాడు గదా.”

“ఎన్నాళ్లు ఇలాగ బయపడతావే?”

“బతికున్నన్నాళ్లూ” అంది పైడమ్మ. అని, గట్టు మీద కూలబడిపోయింది.

అసిరి కూడా పక్కన కూర్చుంది. పిల్లడు ఉప్పు పెళ్ల తీసి నాకుతూ ఆడుకుంటున్నాడు.

“బతుకంతా దైర్నంగా ఉండమంటే నా వల్లా కాదు, నీ వల్లా కాదు” అంది అసిరి చివరికి. “ఒక్క రాత్రి ఉండగలవా?”

“ఏటది?”

“ఈ రాత్రికి కొనుక్కో. తెల్లారగానే అట్టుకొచ్చి మల్లీ నాకు అమ్మీసి ఎల్లు. పగలంతా నా గుంటడే. జముడొచ్చి అడిగితే నాను సెప్పుకుంటాను. పొద్దోయేక మల్లీ కొనుక్కో. ఒక్క రాత్రికి కొన్న గుంటడి మీద జముడు మాత్రం ఏటి మనసు పెడతాడే?”

పైడమ్మ ఆమె మొహంలోకి చూసింది. “మరి రేపు రాత్రికో?”

“రేపటి సంగతి రేపు. నాను అడిగింది ఈ ఒక్క రాత్రికే.”

చూశారా, అసిరి చదువుకున్న మనిషి కాదు, మంత్రాలు తెలిసిన మనిషి కాదు. పెద్ద భయాన్ని పిల్లకి గంజి తాగించినట్టు చిన్న చిన్న గుటకలు చేసింది, అంతే.

పైడమ్మ లేచి నడుం దగ్గర చీర ముడి విప్పింది. అందులో తవుడు ఉంది. పెంటకుప్ప దగ్గర ఇవ్వలేకపోయిన తవుడే. రోజూ మడిలోకి కూడా కట్టుకొచ్చిందట. ఉప్పు గాలికి ఉండ కట్టేసింది. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అడిగింది.

“ఈ గుంటడ్ని నాకు అమ్ముతావేటి, అప్పా?”

ఊళ్లో అందరూ ఒలే అనే పిలిచే అసిరిని, అక్కని పిలిచినట్టు అప్పా అనడం అదే మొదలు.

“అమ్ముతాను” అంది అసిరి. తవుడు తీసుకుంది, బిడ్డని ఇచ్చింది. వాడు ఊరుకుంటాడా? పైడమ్మ మెడ మీద గుద్దుతూ, అసిరి వైపు చేతులు చాపి, అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు. ఇప్పుడు అసిరికి చూపించడానికి మనిషి ఉంది. చెయ్యి పూర్తిగా చాపింది.

“నాను కాదు. మీ యమ్మ అదిగో.”

వాళ్లు అటు వెళ్లారు. అసిరి ఇటు వచ్చింది. వసారా ఊడ్చింది, వాడి ఉయ్యాల చీర విప్పి మడత పెట్టింది, ఆ మడత ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాలమ్మ నోరు పెద్దదే గానీ మనసు చిన్నది కాదు. “ఏడుపొస్తే ఏడు. ఇక్కడ నాను తప్ప ఎవరున్నారు” అంది. అసిరి ఏడ్చింది.

తెల్లారింది. బిడ్డ బతికే ఉన్నాడు. పైడమ్మ పరుగున తెచ్చి అమ్మేసింది. సాయంత్రం మళ్లీ గుప్పెడు తవుడుతో వచ్చింది, కొనుక్కుంది. తరవాతా అంతే, ఆ తరవాతా అంతే. ఒక్కో రాత్రికీ ఒక్కో గుప్పెడు. కొన్నాళ్లకి వాడు సాయంత్రమయ్యేసరికి తనంతట తానే కంచె దగ్గర నిలబడి పైడమ్మ కోసం చూడటం మొదలుపెట్టాడు. వాడికి తవుడు అనే పేరు పెట్టారు. వేరే పేరు ఎవరికీ తోచలేదు.

మొదట ఊళ్లోవాళ్లు నవ్వారు. రోజూ బేరమేమిటి, వీళ్లకి పిచ్చి అన్నారు. తరవాత ఒకామె కొడుక్కి జ్వరం వస్తే ఎందుకైనా మంచిదని ఆమె కూడా తవుడు తెచ్చింది. ఆమెని చూసి ఇంకొకామె. చివరికి పొద్దు వాలితే చాలు, ఆడవాళ్లంతా గుప్పెళ్లతో వరస కట్టేవాళ్లు. అసిరి ఒక్కొక్కరి పిల్లనీ అందిస్తూ, “నాను కాదు, మీ యమ్మ అదిగో” అంటూ తవుడు తీసుకుని ఆవు కుడితిలో పోసేది. దాలమ్మ ఆవు బలిసింది, పాలు చిక్కబడ్డాయి, ఆ పాలు మళ్లీ పిల్లలే తాగారు. ఇదంతా తన తెలివేనని దాలమ్మ పోయేదాకా చెప్పుకుంది. అసిరి కాదనలేదు.

దాలమ్మ పోయాక ఆమె కోడలు పీట ఎక్కింది. పీట మారింది గానీ అసిరి పని మారలేదు. తవుడు పెద్దవాడయ్యాడు, మీసాలొచ్చాయి, ఉప్పు పడవల మీద వెళ్లొస్తున్నాడు. వాణ్ణి పొద్దున్నే అమ్మడం, సాయంత్రం కొనడం ఎప్పుడో మానేశారు. అసిరి ముసలిదైంది. ఒకరోజు ఉయ్యాల కడుతూ కట్టలేక కూర్చుండిపోయింది. ఇక లేవలేదు.

ఊరి పెద్దలు వచ్చి చూశారు. వాళ్లకొక్కటే బెంగ. మనిషి ఇవాళో రేపో అన్నట్టుంది, తలకొరివి పెట్టడానికి కన్న కొడుకు లేడు, అయినవాడు లేడు, ఊరి మీద పడుతుంది. అసిరికీ ఆ మాటలు వినబడ్డాయి. కళ్లు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే, మడిలోకి దిగే వేళకి, పైడమ్మ వచ్చింది. వెనకాల కొడుకు.

“అప్పా, ఈ గుంటడ్ని ఈ పూటకి నీకు అమ్మీసి ఎల్తన్నాను.”

అసిరి కళ్లు తెరిచింది. “ఇంతోడ్నా? నానేటి సేసుకుంటానే, ఉయ్యాల సాలదు.”

“పొద్దోయేదాకా ఉంచు. అప్పుడు సూద్దాం” అని పైడమ్మ బయటికెళ్లి గుమ్మం పక్కన నిలబడింది.

తవుడు అసిరి పక్కన కూర్చున్నాడు. గంజి పట్టాడు, మొహం తుడిచాడు, ఈగలు తోలాడు. మధ్యాహ్నం దాటాక ఆమె ఊపిరి ఎగపోస్తుంటే వాడికి ఏడుపు ఆగలేదు. “అమ్మా” అన్నాడు.

అసిరి మాట్లాడలేకపోయింది. చెయ్యి మాత్రం అలవాటుగా లేచి మడుల వైపు వెళ్లబోయింది. గుమ్మంలోంచి పైడమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

“ఇంకా పొద్దు కుంకనేదప్పా. నీ గుంటడే.”

పొద్దు కుంకకముందే అసిరి పోయింది.

తవుడు తలకొరివి పట్టుకుని ముందు నడుస్తుంటే పెద్దలు అడ్డొచ్చారు. “ఏటి పైడమ్మా ఇది? కన్నతల్లివి నువ్వు బతికుండగా, నీ కొడుకు ఇంకొకరికి కొరివి పెడతాడేటి? అరిష్టం కాదా?”

జముడి భయంతో ఒకప్పుడు బిడ్డ నుంచి మొహం తిప్పుకున్న పైడమ్మ, ఇప్పుడు పెద్దల మొహంలోకి సూటిగా చూసింది.

“ఈడు నా కొడుకు కాదు” అంది. “పొద్దున్న అమ్మీసినాను. ఇంకా కొననేదు.”

పెద్దలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు.

అప్పటికి పొద్దు కుంకింది. పైడమ్మ గుప్పెట్లో తవుడు పట్టుకుని దూరంగా ఇసకలో నిలబడింది. చితి అంటుకునేదాకా అక్కడే ఉంది, ముందుకి ఒక్క అడుగు వెయ్యలేదు. మంట పైకి లేచాక, దగ్గరికెళ్లి, ఆ తవుడు బూడిద పడే చోట చల్లి, కొడుకుని తీసుకుని ఇంటికి వెళ్లింది.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోలేదు, ఆ ఒడ్డునే ఉండిపోయింది. దాలమ్మ వసారా ఎక్కడుండేదో ఇప్పుడు ఎవరూ చూపించలేరు. అసిరి పేరు మాత్రం అందరికీ తెలుసు. ఆ పాలేల్లో ఇప్పటికీ పిల్లని పొద్దున్నే ఒకరి దగ్గర దింపి పనికెళ్లిన తల్లి, సాయంత్రం ఉత్త చేతుల్తో రాదు. గుప్పెడు తవుడు తెచ్చి, చూసిన మనిషి చేతిలో పోసి, అప్పుడు పిల్లని అందుకుంటుంది. చూసిన మనిషి, “నాను కాదు, మీ యమ్మ అదిగో” అని అప్పజెబుతుంది.

పిల్లల్ని ఎత్తి పెంచిన అలాంటి మనిషి ఎవరైనా పోయిన రోజున మాత్రం, చితి అంటుకునేదాకా ఏ తల్లీ తవుడు తీసుకుని రాదు. ఆ సాయంత్రం పాలెంలో పిల్లలందరూ కాస్త ఆలస్యంగా ఇంటికి వెళ్తారు.